గిన్నె ఖాళీగా పంపకూడదు

"బీరపొట్టు పచ్చడా! అన్నమ్మకా!"

అప్పలనరసమ్మ పొద్దుటినుంచి ఆ మాట అనడం అది మూడోసారి. "దానికంటే గిన్నెలో గుప్పెడు మన్నేసి పంపు. తులసి కుండీలోనైనా ఏసుకుంటాది."

"పచ్చడికేమైందత్తమ్మా? నిన్న మీరే రెండుసార్లు కలుపుకున్నారు," అంది భాగ్యశ్రీ, కుక్కరు మూతకి రబ్బరు తొడుగుతూ.

"నా ఇంట్లో నేను తింటాను. పొట్టు తింటాను, గింజలు తింటాను, గంజి తాగుతాను. ఎవులు సూడొచ్చారు? గుమ్మం దాటేది ఏరు."

"ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత. ఈ సామెత చెప్పింది కూడా మీరే."

"ఊరోళ్ళ మీదెయ్యమని సెప్పేను. నా మీదెయ్యమని సెప్పలేదు."

గడప దగ్గర స్టూలు మీద కూర్చుని, సైకిలు చైనులో పడకుండా ప్యాంటు అంచుకి రబ్బరు బ్యాండు వేసుకుంటున్న గిరిధర్ తల ఎత్తలేదు. తల్లీ పెళ్ళామూ మాట్లాడుకుంటున్నప్పుడు తల ఎత్తిన ప్రతిసారీ ఏదో ఒక పక్షం తీసుకోవలసి వచ్చిందతనికి.

"మీరైనా చెప్పండి," అంది భాగ్యశ్రీ. "నాలుగు గిన్నెలు. ఎంతకాలమని అలా అలమరాలో పెట్టుకుంటాం?"

"నాకు టైమైపోతోంది," అన్నాడు గిరిధర్. మిల్లులో ఇప్పుడు టైముతో అంత పని లేదని ముగ్గురికీ తెలుసు.

వంటింటి అలమరాలో, పప్పుల డబ్బాల పక్కన, నాలుగు స్టీలు గిన్నెలు బోర్లించి ఉన్నాయి. నాలుగింటి అంచుల మీదా చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు: బి. సూర్యారావు. అన్నమ్మ మొగుడి పేరది. రెండిళ్ళ అవతల ఉంటారు వాళ్ళు. కాకరకాయో, దప్పళమో, మజ్జిగ పులుసో ఏదో ఒకటి అందులో వచ్చింది. తిన్నారు, కడిగారు, బోర్లించారు. తిరిగి వెళ్ళలేదు.

రాయ్‌పూర్ శివారు ఖమ్తరాయిలోని ఆ సందులో ఉన్న తెలుగిళ్ళు నాలుగైదే. రైల్వే వేగన్ షాపులో పనిచేసి రిటైరై, ఊరికి వెళ్ళకుండా ఇక్కడే రెండు గదులేసుకున్నవాళ్ళు. ఏ ఇంటినుంచి గిన్నె వచ్చినా అది ఖాళీగా తిరిగి వెళ్ళకూడదని అక్కడ ఎవరూ ఎవరికీ నేర్పనక్కర్లేదు. ఇంట్లో ఏమీ లేకపోతే చెంచాడు పంచదారైనా వేసి ఇస్తారు. బొబ్బిలి దగ్గరి పల్లెటూరినుంచి కొత్త కోడలుగా రాయ్‌పూర్‌లో దిగిన అప్పలనరసమ్మ ఇన్నేళ్ళలో ఒక్క గిన్నె కూడా ఖాళీగా పంపి ఎరగదు. మొగుడు నూకరాజు పోయిన ఏడాది కూడా, మైల తీరిన వారానికే, ఎవరి గిన్నెలు వాళ్ళకి బెల్లంముక్కలతో పంపించింది.

అప్పుడు బెల్లముంది. ఇప్పుడూ ఉంది, కానీ భాగ్యశ్రీ దాన్ని ఎక్కడ పెట్టిందో అత్తగారికి చెప్పడం లేదు.

గిరిధర్ పనిచేసేది భన్‌పురిలో ఇనపకడ్డీలు చేసే ఒక చిన్న మిల్లులో. సరుకు లారీలకెక్కించి చలాన్లు రాసే గుమాస్తా. హోలీ వెళ్ళిన దగ్గరనుంచి మిల్లు ఒక్క షిఫ్టే నడుస్తోంది. జీతం సగమే చేతికొస్తోంది. వానలు వెళ్ళాక పనులు పుంజుకుంటాయని సేఠ్ అంటున్నాడు. ఆ కబురు ఇంటికి తెచ్చినరోజునే అప్పలనరసమ్మ అందర్నీ కూర్చోబెట్టి చెప్పింది, "ఈ మాట ఈ గుమ్మం దాటకూడదు. మనం ఏటి తింటన్నామో మనకి తెలిస్తే సాలు."

గుమ్మం లోపల సర్దుకోవడంలో మాత్రం అత్తాకోడళ్ళకి తేడా లేదు. భాగ్యశ్రీ కుక్కరులో కింద పప్పు, మధ్యలో బియ్యం, పైన బంగాళాదుంపలు పెట్టి ఒకే మంట మీద దింపేస్తుంది. టీ పొద్దున్న ఒక్కసారే కాచి ఫ్లాస్కులో పోస్తుంది. అరిగిపోయిన సబ్బుముక్కలు పాత సాక్సులో వేసి మూతికట్టి బాత్రూములో వేలాడదీస్తుంది. అప్పలనరసమ్మ మిగిలిన అన్నంలో జీలకర్రా కారం వేసి నూరి డాబామీద వడియాలు పెడుతుంది. మే నెల రాయ్‌పూర్ ఎండకి అవి మధ్యాహ్నానికే గలగలమంటాయి. ఆనపకాయ కొంటే చెక్కు పచ్చడి, గుజ్జు కూర, గింజలు వేయించి పొడి. చెత్తబుట్టలో పడేది తొడిమ ఒక్కటే. కూలర్ రాత్రికే. పగలు కిటికీకి తడిపిన దుప్పటి.

స్కూటరు మూలన పెట్టి గిరిధర్ సైకిలెక్కినప్పుడు సందులో ఎవరో అడిగితే, "షుగరొచ్చింది బాబుకి, తొక్కమన్నాడు డాక్టరు," అని చెప్పింది అప్పలనరసమ్మ. అడక్కపోయినా మరో ఇద్దరికి చెప్పింది. దాంతో అన్నమ్మ ఇంటినుంచి గిన్నెలు మరింత తరచుగా రావడం మొదలైంది. ఒకరోజు కాకరకాయ వేపుడు. మరోరోజు మెంతికూర. ఇంకోరోజు మళ్ళీ కాకరకాయ, ఈసారి బెల్లం కూడా లేకుండా.

"నీవల్ల నాకు నిజంగానే రోగమొచ్చేలా ఉందమ్మా," అన్నాడు గిరిధర్ మూడోసారి కాకరకాయ చూసి.

"తిను. రక్తానికి మంచిది."

ఇంటి విషయంలో అంత లెక్కగా ఉండే మనిషి, అన్నమ్మ గిన్నెలు అనేసరికి మాత్రం మారిపోతుంది. గిన్నెలో పెడితే జంతికలు పెట్టాలి, లేకపోతే పోకుండలు పెట్టాలి. నూనె, బెల్లం, నెయ్యి. అవి లేనప్పుడు గిన్నెలు అలమరాలోనే ఉండాలి.

ఆరోజు గిరిధర్ వెళ్ళిపోయాక భాగ్యశ్రీ ఇంకొక్కసారి అడిగి చూసింది. "పోనీ అన్నం వడియాలు పెడదాం. వడియాలకేం తక్కువ?"

"అన్నమ్మకి తెలీదేటి, అన్నం వడియాలు ఎందుకెడతారో? మిగిలిన మెతుకు కూడా ఒగ్గలేకపోతన్నారనుకుంటాది."

"ఒగ్గలేకపోతున్నాం కదా!"

"అదే ఎవులికీ తెలీకూడదంటన్నాను."

భాగ్యశ్రీ అలమరా తలుపు వేసేసింది.

*

రెండ్రోజుల తర్వాత భాగ్యశ్రీ గ్యాసు పుస్తకం పని మీద ఏజెన్సీకి వెళ్ళి వచ్చేసరికి ఇల్లంతా వేయించిన వాసన. పొయ్యి మీద బాండీ, పళ్ళెంలో ఒకే ఒక గిన్నెకి సరిపడా జంతికలు. నూనె సీసా అడుగంటి ఉంది.

"అత్తమ్మా, ఇది నెలాఖరు దాకా నూనె."

"తెలుసు."

"మరి పోపులు?"

"పోపు లేకపోతే ఏటౌతాది? ఉడకేసుకు తిందాం. గిరికి షుగరు కదా."

భాగ్యశ్రీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సంచీ గోడకి తగిలించి, వెళ్ళి డాబామీద బట్టలు తీసుకుంది. కిందికి దిగేసరికి కూతురు ప్రియదర్శిని కాలేజీనుంచి వచ్చి నడవలో నిలబడి ఉంది. చేతిలో ఇంకో గిన్నె. మూత తీస్తే గుమ్మడికాయ పులుసు.

"అన్నమ్మ నాన్నమ్మ గేటు దగ్గర పట్టుకుంది. ఇది తీసుకెళ్ళవే, అలాగే పాత గిన్నెలుంటే తెచ్చిచ్చెయ్యవే అంది," అంది ప్రియదర్శిని.

అప్పలనరసమ్మ మొహం వాడిపోయింది. "నువ్వేటన్నావు?"

"అమ్మకి ఒంట్లో బాగోలేదు, వంట సరిగ్గా అవ్వట్లేదు అన్నాను. మొన్న నువ్వు చెప్పమన్నావుగా. నాన్నమ్మా, సచ్చీ, నిజం చెప్పు, ఇప్పటికి మనింట్లో నాన్నకి షుగరు, అమ్మకి నీరసం. నాకెప్పుడు ఏం రావాలో ముందే చెప్పేయ్, కాలేజీలో లీవ్ పెట్టుకుంటాను."

"నోర్ముయ్యి అమ్మడూ."

అయిదో గిన్నె వచ్చి చేరేసరికి జంతికల పథకం పాడైంది. ఒకటి నింపి నాలుగు ఖాళీగా ఇస్తే అసలివ్వకపోవడం కన్నా అన్యాయం. అయిదు గిన్నెలకి సరిపడా చేయడానికి నూనె లేదు. అప్పలనరసమ్మ పళ్ళెం వైపు చాలాసేపు చూసి, చివరికి మనవరాలి ముందుకు తోసింది. "తిను. సల్లారిపోతే బాగోవు."

ఆ సాయంత్రం అందరూ గుమ్మడికాయ పులుసు పోసుకుని వేళ్ళు నాకారు. ఆ పూటకి తను కూర వండలేదని భాగ్యశ్రీకి పడుకోబోయే ముందు గుర్తొచ్చింది. మర్నాడు అన్నమ్మ ఎదురుపడితే తన మొహం ఎక్కడ పెట్టుకోవాలా అని కూడా అనిపించింది.

ఆ తర్వాత గిన్నెలు రావడం ఆగిపోయింది.

ఒకరోజు, రెండ్రోజులు, వారం. సాయంత్రం పూట అన్నమ్మ తన అరుగు మీద కూర్చోవడం మానేసింది. కిరాణాకొట్టు దగ్గర అప్పలనరసమ్మ ఎదురుపడితే, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

"తెలిసిపోయింది," అంది అప్పలనరసమ్మ ఇంటికొచ్చి. చెంబుడు నీళ్ళు తాగింది. "మిల్లు సంగతి ఎవులో సెప్పీసేరు. ఇక దీనికి ఏటి పంపినా తిరిగిరాదు, అనవసరం అనుకుంటంది. ఇన్నేళ్ళకి నా బతుకు దాని నోట్లో పడిపోయింది."

"ఆవిడ అలాంటిది కాదత్తమ్మా."

"నీకు తెలీదు. ఇద్దరం ఒకే బండిలో దిగేం ఈ ఊర్లో. దాని ముందు నేను తగ్గింది లేదు, నా ముందు అదీ తగ్గలేదు."

ఆ మాట అన్నాక అప్పలనరసమ్మ ఆ పూట సరిగ్గా తినలేదు. మర్నాడు గుడికీ వెళ్ళలేదు. మూడోనాడు వీధి తలుపు మధ్యాహ్నం కూడా వేసే ఉంచింది. ఆ ఎండల్లో తలుపు వేసుకుంటే ఇల్లు కుంపటిలా అవుతుంది. ఎవరూ తెరవమని అడగలేదు.

*

భన్‌పురి వైపు వారానికొకసారి కూరల బజారు పెడతారు. దీపాలు పెట్టే వేళకి వెళితే, అమ్మేవాళ్ళు ఇళ్ళకి బయల్దేరే తొందరలో మిగిలినవాటిని కాటాలో తూచకుండా కుప్పలు పోసి ఇచ్చేస్తారు. దాన్ని ఇక్కడ ఢేరీ అంటారు. ఓ పక్క మెత్తబడ్డ టమాటాలు, తలలు వంగిన తోటకూర, పుచ్చు తగిలిన వంకాయలు. ఇంటికి తెచ్చి పాడైనంతమేర కోసేస్తే మూడొంతులు బాగానే ఉంటాయి. భాగ్యశ్రీ ఈ రెండు నెలల్లో ఆ కిటుకు పట్టింది. బజారుకి వెళుతున్నానని మాత్రం అత్తగారికి చెప్పదు. వాకింగ్ అంటుంది. ఎండలో ఇక్కడి ఆడవాళ్ళు కట్టుకున్నట్టు మొహం చుట్టూ చున్నీ చుట్టుకుని, కళ్ళు మాత్రం కనబడేలా వెళుతుంది.

ఆవేళ ఆమె టమాటాల ఢేరీ ముందు వంగేసరికి, పక్కన ఇంకొకావిడ తలమీద కొంగు ముక్కుదాకా లాక్కుని అదే కుప్పని వేళ్ళతో కెలుకుతోంది.

"యే ఢేరీ లా కతేక్ మా దేబే?" అని కుప్ప ధర అడిగి బేరమాడింది ఆవిడ ఛత్తీస్‌గఢీలో.

"లే జా దాయీ, ఆఖరీ హే," అన్నాడు కూరలవాడు, ఇదే ఆఖరిది పట్టుకుపొమ్మన్నట్టు.

భాష ఛత్తీస్‌గఢీదే. యాస మాత్రం బొబ్బిలిది. భాగ్యశ్రీ మొహం తిప్పుకోబోయింది. ఆలస్యమైపోయింది.

"భాగ్యమేటి?"

"అన్నమ్మత్తా!"

ఇద్దరి చేతులూ కుప్ప మీదే ఉన్నాయి. ముందు అన్నమ్మ చేయి వెనక్కి తీసుకుంది.

"ఆవుకి," అంది. "మన సందు మొగలో ఉంటాది కదా, తెల్లావు. పాపం మెత్తటివైతే తింటాదని."

"నేనూ దానికేనత్తా," అంది భాగ్యశ్రీ తడుముకోకుండా. "ఉత్త రొట్టెలే పెడుతున్నారు దానికి అందరూ."

"ఔను పాపం."

ఇద్దరూ కాసేపు టమాటాల వైపు చూశారు. కూరలవాడు గోనె మడుస్తూ ఈ తెలుగు ఆడవాళ్ళు కొంటారా కొనరా అన్నట్టు చూశాడు.

"కోడలా," అంది అన్నమ్మ నెమ్మదిగా, "ఆ తెల్లావుని దాని ఆసామీ అభన్‌పూర్ తోలుకెళ్ళిపోయి నెల్లాళ్ళయింది."

భాగ్యశ్రీకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆగలేదు. చున్నీ మొహంమీంచి జారిపోయింది. అన్నమ్మ కూడా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆ వయసులో ఆవిడ భుజాలు అంతలా కదలడం భాగ్యశ్రీ ఎప్పుడూ చూడలేదు. నవ్వి నవ్వి ఇద్దరూ ఆ కుప్పని చెరిసగం పంచుకున్నారు. ఇంటివైపు నడుస్తుంటే అన్నమ్మ నవ్వు ఆపి, కళ్ళు తుడుచుకుంది.

"ఇద్దరం ఆవు పేరెట్టి అబద్ధాలాడీసేం. ఇప్పుడు నిజం సెప్పు. మీ అత్తకి నేనేటి సేసేను?"

"అదేంటత్తా?"

"ఏటంటావేటి? గిన్నె కాళీగా ఇయ్యకూడదు, సరే. అసలు గిన్నే ఇయ్యకపోతే దానర్థమేటి? అయిదు గిన్నెలు. రానీ రానీ అనుకున్నాను. ఇయ్యలేదు. ఇంకేటి పంపించకు, నీకూ నాకూ సెల్లు అన్నట్టే కదా? మా ఇంట్లో పప్పు తియ్యడానికి గిన్నె లేక సద్దిగిన్నెలో పోస్తన్నాను. కొట్టు దగ్గర మీ అత్త ఎదురైతే, నాకే మొహం సెల్లక ఎనక్కి తిరిగెల్లిపోయేను. ఏటన్నానో, ఎప్పుడన్నానో గుర్తురాక సస్తన్నాను."

"అయ్యో, మీరేమీ అనలేదత్తా. అది కాదు..." అని భాగ్యశ్రీ అక్కడితో ఆగిపోయింది. ఆ తర్వాత చెప్పవలసింది గుమ్మం దాటకూడని మాట.

అన్నమ్మ ఆమె మొహంలోకి చూసింది. "సెప్పొద్దులే. నువ్వు సెప్తే మీ అత్తకి తలకొట్టేసినట్టుంటాది. నాది నేనే సెప్తాను. మా ధనుంజయ్ లేడూ, ధర్సీవా దగ్గర ఫ్యాక్టరీలో సేసేవోడు. దాన్ని మూసేసేరు. పెళ్ళాన్నీ ఇద్దరు పిల్లల్నీ తీసుకుని వొచ్చీసేడు. బడి సెలవులకి వొచ్చేరని సెప్పేను అందరికీ. సెలవులెప్పుడౌతాయో నాకే తెలీదు. మీ మావ పింఛనీ మీద ఆరుగురం."

భాగ్యశ్రీ నడక ఆగింది. "అలాంటప్పుడు మాకెందుకత్తా గిన్నెల మీద గిన్నెలు పంపారు? ఉన్నదాంట్లోంచి తీసి?"

"ఎందుకా?" అన్నమ్మ ఆశ్చర్యంగా చూసింది. "తిరిగొస్తాదని."

అన్నమ్మ మళ్ళీ నడక మొదలుపెట్టింది.

"కాకరకాయ వండుకుంటే ఇంటిల్లిపాదికీ కాకరకాయే కదే. ఓ గిన్నె మీకిస్తే, మీ ఇంటి కూర ఏదోటి నా ఇంట్లోకి వస్తాది. పిల్లలు రెండు రకాలు సూస్తారు. నలుగురికి వండినా పదిమందికి వండినా పొయ్యి మండేది ఒకటే. మీ అత్తా నేనూ క్వార్టర్సులో అలాగే ఈదేం. నెలాఖరొస్తే అది పప్పు, నేను పులుసు. కంచంలో రెండూ సూసి మీ మావ, జీతం రాకముందే ఏటీ దుబారా అని నన్ను తిట్టేవోడు కూడాను. కాళీ గిన్నె పంపకూడదు అన్నదేటనుకున్నావు? దేవుడికి కోపమొస్తాదనా? అవతల కూర వండుకోలేదు, మన గిన్నె కోసం సూస్తంటారు. అదీ."

"అత్తమ్మ ఎప్పుడూ ఇలా చెప్పలేదు నాకు."

"మర్చిపోయుంటాది. ఇల్లు కట్టుకున్నాక అది జంతికలెట్టి పంపింది. నేను పోకుండలెట్టి పంపేను. అక్కణ్ణించీ ఎవులు గొప్ప అన్నట్టే ఉంది మా ఇద్దరి యవ్వారం. నేనూ మర్చిపోయేను. ధనుంజయ్ వొచ్చి గుమ్మంలో నిలబడ్డాక గుర్తొచ్చింది."

సందు మలుపులో అన్నమ్మ తన సంచీ సర్దుకుని, ముందు నువ్వెళ్ళు అన్నట్టు చేయి ఊపింది. ఇద్దరూ బజారునుంచే వస్తున్నారని ఎవరూ అనుకోకూడదని ఆవిడకి ఇంకా ఉంది.

*

భాగ్యశ్రీ చెప్పడం మొదలుపెట్టగానే అప్పలనరసమ్మ అడిగిన మొదటి మాట, "ఢేరీ దగ్గరా? నిన్ను ఢేరీ దగ్గర సూసిందా?"

"ఆవిడా అక్కడే ఉందత్తమ్మా. ఒకే ఢేరీ."

భాగ్యశ్రీ ధనుంజయ్ సంగతి చెప్పింది. గిన్నెలివ్వకపోతే కోపం వచ్చిందనుకున్న సంగతి చెప్పింది. చివరికి, ఎందుకు పంపారని తను అడిగితే అన్నమ్మ ఇచ్చిన జవాబు చెప్పింది.

"ఏటంది?"

"తిరిగొస్తాదని, అంది."

అప్పలనరసమ్మ పీట మీద కూర్చుంది. ఆమె చేతిలో సగం వలిచిన వెల్లుల్లి రెబ్బ ఉంది. దాన్ని వలవడం మర్చిపోయింది.

"పిల్లలున్నారు ఇంట్లో," అంది. "సిన్నపిల్లలు. నేను అది నన్ను సులకన సేస్తందనుకున్నాను. అది నా గిన్నె కోసం సూస్తందా?"

రెబ్బ కింద పెట్టేసింది.

"గుమ్మడికాయ పులుసు నిండా పంపింది, సూసేవా? అంచుదాకా. మనం నాకీసి బోర్లించీసేం."

మర్నాడు సాయంత్రం దాకా ఆవిడ ఆ మాట ఎత్తలేదు. పొద్దున్న భాగ్యశ్రీ తెచ్చిన వంకాయల్లో పుచ్చు తీసేసి తనే కూర చేసింది. నూనె లేదు కాబట్టి ఉడికించి, అల్లం పచ్చిమిర్చి నూరి వేసింది. బీరపొట్టు పచ్చడి కూడా కొత్తగా రుబ్బింది. నాలుగు దాటాక అలమరాలోంచి అన్నమ్మ గిన్నెలు అయిదూ దింపింది. ఒకదాంట్లో వంకాయ కూర పెట్టింది. ఒకదాంట్లో పచ్చడి. మిగతా మూడూ తుడిచి, ఒకదాంట్లో ఒకటి పెట్టి, సంచీలో వేసుకుంది.

"అవి ఖాళీవి అత్తమ్మా," అంది భాగ్యశ్రీ, తనకి తెలియకుండానే.

"కాళీవే. నాకు కనబడతన్నాయి."

"బెల్లం ఉంది. బియ్యం డబ్బాలో, అడుగున. ముక్కో ముక్క వేసి..."

"నీ బెల్లం ఎక్కడుందో నాకెప్పుడో తెలుసు. ఉండనీ." చెప్పులేసుకుంటూ గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది, పెళ్ళివారింటికి వెళుతున్నట్టు. "నేనే ఎల్తాను. అమ్మడిని పంపకు."

ఆవిడ నడిచి వెళుతుంటే సంచీలో ఖాళీ గిన్నెలు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేశాయి. సందులో ఎవరికైనా వినబడే చప్పుడు.

గంటైనా రాలేదు. గిరిధర్ మిల్లునుంచి వచ్చి సైకిలు లోపల పెట్టాడు. "అమ్మేదీ?" అన్నాడు. భాగ్యశ్రీ చెప్పింది. అతను తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, తుడుచుకున్నాక కూడా చాలాసేపు తువ్వాలు మొహం మీదే ఉంచుకున్నాడు.

"చెప్పేస్తుందంటావా?" అన్నాడు.

"తెలీదండీ."

"చెప్పేస్తే బాగుణ్ణు. ఆ డాక్టరెవరని నన్ను రోజుకొకరు అడుగుతున్నారు."

ప్రియదర్శినిని చూసి రమ్మని పంపారు. అది అయిదు నిమిషాల్లో తిరిగొచ్చింది. "ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. నాన్నమ్మ ఏడుస్తోందో నవ్వుతోందో బయటినుంచి అర్థం కాలేదు. అన్నమ్మ నాన్నమ్మ మాత్రం తిడుతోంది."

"ఏమని?"

"ఇన్నాళ్ళూ ఈ బీరపొట్టు పచ్చడి దాచుకుని నన్ను మాడ్చేవా అని. ధనుంజయ్ బాబాయి పిల్లలు గిన్నె పూరా ఖాళీ చేసేశారు. నేనెళ్ళేసరికి చిన్నది వేలితో తుడుస్తోంది."

అప్పలనరసమ్మ చీకటి పడ్డాక వచ్చింది. చేతిలో మూత పెట్టిన గిన్నె. దాన్ని వంటింట్లో పెట్టి, కాళ్ళు కడుక్కుని, ఏమీ జరగనట్టు కంచాలు వేయమంది. వీధి తలుపు తెరిచే ఉంది. అటునుంచి కాస్త గాలి వస్తోంది.

నలుగురూ కూర్చున్నాక ఆవిడ గిన్నె మూత తీసి కొడుకు కంచంలో గరిటెడు పప్పు వేసింది. గిరిధర్ అనుమానంగా కలుపుకుని, ఒక ముద్ద తిని, తల్లివైపు చూశాడు. మామిడికాయ పప్పు. కాకరకాయ జాడ లేదు.

"షుగరు లేదని సెప్పీసేను," అంది అప్పలనరసమ్మ తన కంచంలో అన్నం కలుపుకుంటూ. తల ఎత్తలేదు. గొంతు కూడా పెంచలేదు. "మిల్లు సంగతీ సెప్పీసేను. నువ్వు రేపట్నుంచి ఎవులికీ ఏ డాక్టరు పేరూ సెప్పక్కర్లేదు."

గిరిధర్ తల ఊపాడు. ప్రియదర్శిని ఏదో అనబోతే భాగ్యశ్రీ మోకాలితో పొడిచింది.

"ఇంకోటి. అటక మీద పెద్ద బాండీ ఉంది, పొద్దున్నే అది దింపు గిరీ. రేపట్నుంచి మనింట్లో పప్పు వండం. పప్పూ పులుసూ అన్నమ్మ వండుతాది. కూరా పచ్చడీ మనం. రెండిళ్ళకీ, పదిమందికీ. బజారుకి భాగ్యం, అన్నమ్మ కోడలు కలిసెల్తారు, మొహాలు సుట్టుకోకుండా. అన్నం మాత్రం ఎవులది ఆళ్ళదే."